పిల్ల దిగుతోంది, ఆపండి

వచ్చినవాళ్ళందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు దయచేసి ముందుకు రండి. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సంతాప సభలో ముందు కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పదు, నాకు తెలుసు. నాకూ ఒప్పలేదు. కానీ తోడబుట్టినవాణ్ణి, తప్పుతుందా?

నన్ను ఎరగనివాళ్ళకు ఒక్క మాట. పోయినావిడ మా అక్క. నేను టైలర్ని. మార్కెట్ వీధిలో మేడమెట్ల కింద ఉన్న చిన్న షాపు నాదే. మైకు ముందు నిలబడటం ఇదే మొదటిసారి. మీలో సగం మంది నడుము కొలతలు నాకు కంఠతా వచ్చు, అంతకు మించి మీతో పరిచయం లేదు. కాబట్టి తప్పులుంటే క్షమించండి.

అక్కతో నదీ పరిశోధన కేంద్రంలో పనిచేసినవాళ్ళు వచ్చారు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు వచ్చారు. నీటిసరఫరా ఇంజనీరుగారు వచ్చారు, పంపుహౌస్ సిబ్బంది వచ్చారు. అక్కావాళ్ళ అపార్ట్‌మెంటు వాళ్ళు కూడా వచ్చారు. ఆమెను 'చేపలావిడ' అని పిలిచినవాళ్ళు, ఆమె వల్ల రాత్రిపూట కుళాయి రాలేదని తిట్టిపోసినవాళ్ళు, మీరూ వచ్చారు. మీ ఏడుపు దొంగ ఏడుపని నేను అనుకోవడం లేదు. పోట్లాడుకున్న మనిషి పోతే ఇంకా వెలితిగా ఉంటుంది.

ముందుగా ఒక అబద్ధం సరిచెయ్యాలి. పేపర్లో రాశారు, 'తాను ప్రేమించిన నది ఒడిలోనే కన్నుమూసింది' అని. నాకు ఫోన్ చేసి మరీ చదివి వినిపించారు కొందరు. ఎంత అదృష్టవంతురాలో అన్నారు. అయ్యా, మా అక్క నది ఒడిలో పోలేదు. బస్టాపులో పోయింది. పొద్దున్నే వంతెన దగ్గర వల తీసి, ఆ తడి వలను ప్లాస్టిక్ సంచిలో కుక్కుకుని, కేంద్రానికి వెళ్ళే బస్సు కోసం సిమెంటు బెంచీ మీద కూర్చుంది. కూర్చున్నదే. గుండె ఆగిపోయింది. సంచి నీచు వాసన వస్తోందని పక్కనున్నవాళ్ళు లేచి దూరంగా నిలబడ్డారట. నిద్రపోతోంది అనుకున్నారట. బస్సులు వచ్చాయి, బస్సులు వెళ్ళాయి. చివరికి బెంచీ తుడిచే ఆవిడ భుజం తట్టి చూసింది. ఇదీ జరిగింది. దీంట్లో ఒడీ లేదు, అదృష్టమూ లేదు. ఎండ ముదిరేదాకా ఒక మనిషి చచ్చిపోయి కూర్చుంటే, ముక్కు మూసుకుని పక్కకు జరిగాం. అందరం కలిసే ఈ ఊళ్ళో ఉంటున్నాం కాబట్టి 'జరిగాం' అనే అంటున్నాను.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మా అక్క గురించి అట్లా మాట్లాడితే ఆవిడే లేచి వచ్చి నా నోరు మూయిస్తుంది. మొండిమనిషి. మాట కరుకు. పుట్టినరోజుకు చీర పెడితే, 'ఈ బట్టకు కన్ను పెద్దది, పనికి రాదు' అన్న మనిషి. బట్ట నేతలో దారానికీ దారానికీ మధ్య సందును ఆమె కన్ను అనేది. ఆమెకు లోకంలో బట్టలు రెండే రకాలు. చేపపిల్ల దూరేవి, చేపపిల్ల దూరనివి.

ఆమె చేసే పనేమిటో ఇక్కడ కొందరికి సరిగ్గా తెలియదు. నాకూ చాలాకాలం తెలియదు. నాకు తెలిసిన తీరు చెబుతాను.

ఒకసారి నా షాపుకు వచ్చి, సన్నటి నైలాను బట్ట బల్ల మీద పరిచి, వల కుట్టమంది. మూతి దగ్గర ఇనప చుట్టు, అక్కడి నుంచి సన్నబడుతూ పోయి, కొసన ఒక సీసా. పొడుగాటి గరాటు అనుకోండి. ప్రవాహానికి ఎదురుగా కట్టేస్తే నీళ్ళతో పాటు కొట్టుకొచ్చేవన్నీ సీసాలో చేరాలి. పెళ్ళిబట్టల గిరాకీ పక్కన పెట్టి కుట్టాను. చక్కగా కుట్టాననే అనుకున్నాను. తిప్పి కొట్టింది. కుట్టు మడత లోపలికి వచ్చింది, ఆ మడతలో పిల్ల ఇరుక్కుని చస్తుందంది. మళ్ళీ కుట్టాను. ఈసారి నా తెలివి ఉపయోగించి ఇంకా సన్నటి బట్ట వేశాను. మళ్ళీ తిప్పి కొట్టింది. 'నీ కుట్టు నీ గిరాకీల నడుములకు చాలు, నదికి చాలదు' అంది. నాకు ఒళ్ళు మండింది. నదికి నడుమెక్కడుందో చూపించమన్నాను. చూపిస్తా రమ్మంది.

తీసుకెళ్ళింది. సూర్యుడు గుంకుతున్నాడు. ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడిచి నీళ్ళలో దిగాను. నా కొత్త వల మూతి దగ్గర చెయ్యి పెట్టి చూడమంది. నీళ్ళు లోపలికి పోవడం లేదు. బట్ట మరీ సన్నం కావడంతో నీళ్ళు మూతి దగ్గరే తిరగబడి పక్కకు పోతున్నాయి. నీళ్ళే పక్కకు పోతే పిల్ల లోపలికి ఎట్లా వస్తుంది? నేను కుట్టింది వల కాదు, నదికి అడ్డం పెట్టిన తలగడ. చీకటి పడ్డాక ఆమె పక్కనే కట్టి ఉన్న తన పాత వల తీసి, సీసాలో నీళ్ళు తెల్ల పళ్ళెంలో పోసి, టార్చి వేసింది. ఆకులు, పుల్లలు, పురుగులు. అక్కడే రెండు చుక్కలు. పక్కపక్కన రెండు నల్ల చుక్కలు, ఆవగింజలో సగం కూడా లేవు. అవి కదిలాయి. కళ్ళు. చేపపిల్లవి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, మిగతా ఒళ్ళంతా నీళ్ళ రంగే. అంగుళంలో మూడోవంతు ఉంటుందేమో. వేలితో తాకితే పోతుంది. అట్లాంటివి ఆ పళ్ళెం నిండా ఉన్నాయి.

పైన ఎక్కడో, గులకరాళ్ళ మధ్య గుడ్లు పగిలి ఇవి బయటికి వస్తాయట. వచ్చినచోటే అన్నీ ఉండిపోతే తిండి చాలదు. ఈదేందుకు ఇంకా రెక్క లేదు. అందుకని నీళ్ళతో దిగిపోతాయి. పాపం కొట్టుకుపోతున్నాయి అన్నాను నేను. అంతే, నా మీద పడింది. 'కొట్టుకుపోవడం కాదురా. పగలంతా రాళ్ళ చాటున నక్కి ఉంటాయి. చీకటి పడి, పెద్ద చేపల కంటికి ఆనమని తెలిశాకే రాయి వదులుతాయి. అంత పిల్లకు కూడా ఎప్పుడు వదలాలో తెలుసు' అంది. అక్కడి నుంచి ఒక్కొక్కటి ఒక్కొక్క చోట ఆగుతుంది. వంతెన స్తంభం వెనక, గడ్డి దుబ్బుల్లో, ఒడ్డున మోకాలి లోతు లేని మడుగుల్లో. అంత నదిలో వాటికి కావలసింది జానెడు నిలవనీరు. అది దొరికినవాటికే బతుకు. దొరకనివి అట్లా పోతూనే ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. మన ఊరికి నీళ్ళు తోడే పంపుల మూతి ఎక్కడుంది? వంతెనకు దిగువన, ఒడ్డు పక్కన. పిల్ల ఆగుదామని ఒరుసుకుంటూ వచ్చే దారిలోనే. ఏటా ఎండలు ముదిరే రోజుల్లో, కొద్ది వారాల పాటు, చీకటి పడుతున్న వేళ, పైనున్న పిల్లంతా ఆ దారినే దిగుతుంది. ఆ వేళకే మనం ఇళ్ళకు చేరి కుళాయిలు తిప్పుతాం. పంపులు జోరు మీదుంటాయి. ఒక ఏడాది కాన్పు మొత్తం గొట్టంలోకి పోతుంది. మా అక్క పాతికేళ్ళ బతుకు ఈ ఒక్క చోటే నడిచింది. పంపు మూతికీ, పిల్లకూ మధ్య.

మొదట తెర కడదామంది. పంపు మూతికి జల్లెడ తెర. ఆ తెర కుట్టింది కూడా నేనే. ఇంజనీరుగారు ఒప్పుకున్నారు, ఎందుకంటే తెర ఉంటే పంపులు ఆపనక్కర్లేదు. కట్టారు. లోపలికి ఒక్క పిల్ల పోలేదు. చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు. ఆ ఏడాది అక్క నవ్వడం చూశాను. ముందే చెబుతున్నాను, అది అరుదు.

తర్వాత ఒకరోజు తెర కడగడానికి పైకి లాగారు. నేనూ ఉన్నాను, కుట్లు చూడటానికి. బయటివైపు తెల్లగా, దుప్పటి మందాన ఏదో పట్టి ఉంది. నురగ అనుకున్నాను. అక్క గోటితో గీరి, వేలు కంటి దగ్గర పెట్టుకుని చూసింది. నాకూ చూపించింది. జంట చుక్కలు. లోపల పంపు లాగుతోంది, బయట పిల్ల తెరకు అతుక్కుపోయింది. రోజూ, పొర మీద పొర. వాటిని బయటే ఉంచాలని కట్టిన తెర, వాటిని కదలనివ్వకుండా పట్టుకుని చంపింది.

అది ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. కడిగేస్తే పోయేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనుషుల్ని మనం రోజూ చూస్తాం. నేనూ ఆ జాతే. మా అక్క ఏం చేసింది? ఆ వారమే మీటింగులో లేచి, అందరి ముందూ, 'నా తెర వాటిని కాపాడలేదు. లోపలికెళ్ళి చావాల్సినవి బయటే చచ్చాయి. దాన్ని పీకేయండి. ఆ పూట పంపులు ఆపండి' అంది. ఇంజనీరుగారూ, మీరు ఆ రోజు ఉన్నారు. మొహాన కత్తివాటు పడితే నెత్తురు చుక్క ఉండదంటారే, ఆమె మొహం అట్లా ఉంది. ఇంటికి వచ్చి ఎన్నో రోజులు సరిగ్గా తిండి తినలేదని బావగారు చెప్పారు.

ఆ మీటింగు తర్వాత కుదిరిందే ఇప్పటిదాకా నడిచిన పద్ధతి. పిల్ల ఎప్పుడు దిగుతుందో తేదీ చెప్పలేం. నీళ్ళు ఎంత వెచ్చబడ్డాయి, ఎంత బురదగా ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకని అక్క పొద్దున్నే వల చూసుకునేది. పిల్ల కనిపిస్తే మధ్యాహ్నం పంపుహౌస్‌కు ఫోన్ చేసేది. రెండే మాటలు. 'పిల్ల దిగుతోంది, ఆపండి.' వాళ్ళు చీకటి పడే వేళకు ఆపేవాళ్ళు, పిల్ల దాటాక మళ్ళీ వేసేవాళ్ళు. రాతకోతలు లేవు. ఇంజనీరుగారి నోటిమాట, మా అక్క ఫోను. నోటిమాట మీద అన్నేళ్ళు నడిచింది. నిజం చెప్పాలంటే ఇది ఇద్దరికీ గొప్పే.

అపార్ట్‌మెంటు వాళ్ళు తిట్టేవాళ్ళు. చేపపిల్లల కోసం మనుషుల స్నానాలు ఆపుతావా అని గొడవ. అక్కావాళ్ళది పైఅంతస్తు, అందరికంటే ముందు నీళ్ళు ఆగేది వాళ్ళకే. బావగారు సాయంత్రం కాగానే ఉన్న గిన్నెలన్నీ నింపి వరండాలో పేర్చేవారు. ఒకసారి నేను వెళితే నాకు టీ ఇచ్చిన గ్లాసు తప్ప ఆ ఇంట్లో ఖాళీ పాత్ర లేదు.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. మా అమ్మ పోయింది ఈ రోజుల్లోనే, పిల్ల దిగే రోజుల్లో. ఆసుపత్రిలో, మధ్యాహ్నం. అక్క అమ్మ చెయ్యి పట్టుకునే ఉంది. డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపి వెళ్ళారు. నేను గోడకు తల ఆనించి ఏడుస్తున్నాను. అక్క లేచి వరండాలోకి వెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. వెనకే వెళితే, ఫోన్లో మాట్లాడుతోంది. 'పిల్ల దిగుతోంది, ఆపండి.' అమ్మ ఒళ్ళు ఇంకా చల్లబడలేదు! అక్కడే అరిచాను. నీది గుండెనా, రాయా అన్నాను. 'అమ్మ ఇక ఎక్కడికీ పోదు. అవి పోతాయి' అంది. చాలాకాలం నేను ఆమెతో మాట్లాడలేదు. ఇవాళ ఆమె ఫొటో ముందు నిలబడి చెబుతున్నాను, ఆ కోపం నాకు పూర్తిగా పోలేదు. ఆమె చేసింది సరైనదే కావచ్చు. నాకు మాత్రం ఆ పూట కావలసింది అక్క.

అయ్యలారా, అమ్మలారా, ఇక్కడి నుంచి నా గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి.

అక్క పోయిన రోజు ఆసుపత్రి వాళ్ళు ఆమె సామాన్లు నాకు ఇచ్చారు. చేతిసంచి, చెప్పులు, తడి వల, ఒక గాజుసీసా. బావగారు వాటిని చూసే స్థితిలో లేరు. తెచ్చి షాపులో గుండీల అరలో పెట్టాను. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, పలకరింపులు. ఆ సీసా వైపు చూడలేదు. మొన్న షాపు తెరిచి, కోటు గుండీల కోసం వెతుకుతూ ఉంటే వెలుతురు దాని మీద పడింది. అడుగున చుక్కలు. జంటలు జంటలుగా నల్ల చుక్కలు. ఆమె వాటిని నిలవ ఉంచే మందులో వేసి పెట్టింది.

మీకు అర్థమైందా? ఈ ఏడాది పిల్ల ఆ రోజే మొదలైంది. ఆ రోజు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేయాలి. ఆమె బస్టాపులో ఉంది.

షాపు మూసి పరిగెత్తాను. పంపుహౌస్ ఆపరేటరు పాపం మంచివాడు, నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పంపులు ఆపారా అని అడిగాను. 'ఫోన్ రాలేదండీ. మేడంగారు ఫోన్ చేస్తేనే ఆపమన్నారు' అన్నాడు. మేడంగారు పోయారని అతనికి తెలుసు. ఆమెను చూడటానికి పువ్వులు పట్టుకుని వచ్చినవాడే. అయినా ఫోన్ కోసం చూశాడు. పరిశోధన కేంద్రానికి వెళ్ళాను. అక్కడా అందరివీ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహాలే. 'ఆ ఫోన్ సంగతి మేడమే చూసుకునేవారు' అన్నారు.

మనం ఆమె కోసం సెలవు పెట్టాం. పేపర్లో వేయించాం. హాలు బుక్ చేశాం, ఫొటో పెద్దది చేయించాం, మైకు తెప్పించాం. ఇన్ని చేసినవాళ్ళలో ఒక్కరికి, నాతో సహా ఒక్కరికి, ఫోన్ తియ్యాలని తోచలేదు. మనం ఆమె గురించి మంచి మాటలు చెప్పుకుంటున్న ప్రతి సాయంత్రం, ఆమె పిల్ల గొట్టంలోకి పోయింది. తల్లి చనిపోయిన రోజు కూడా ఆ మనిషి ఫోన్ చేసింది. ఆ మనిషి చనిపోయిన రోజు చెయ్యడానికి ఊరు ఊరంతటిలో ఒక్కరు లేకపోయారు. దీన్ని సంతాపం అంటారా? ఏమంటారో చదువుకున్నవాళ్ళు మీరే చెప్పండి.

మొన్న రాత్రి ఆమె వల నేనే కట్టి, నిన్న పొద్దున్న తీసి చూశాను. ఇవాళా చూశాను. పిల్ల ఇంకా దిగుతోంది. నిన్నా ఇవాళా మధ్యాహ్నం నేనే ఫోన్ చేశాను. 'మీరు చెబితే ఆపమని మాకు ఆర్డరు లేదండీ, పెద్దసారుని అడగండి' అన్నారు. పెద్దసారంటే ఇంజనీరుగారే, ఆయనకు చేశాను. జనం పెరిగారు, ఎండలు ఎక్కువగా ఉన్నాయి, ఆ ఏర్పాటు మేడంగారితో వ్యక్తిగతంగా చేసుకున్నది, ఇప్పుడు కాగితం మీద ఉండాలి అన్నారు. అన్నీ నిజాలే. చివర్లో 'చూద్దాం' అన్నారు. 'చూద్దాం' అంటే ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేనూ బట్టలు ఎప్పుడిస్తావని అడిగిన ప్రతివాడికీ అదే చెబుతాను.

దయచేసి అందరూ ఆయన వైపు చూడకండి. ఆయన్ను ఇబ్బంది పెట్టడానికి చెప్పలేదు. ఆయన ఇక్కడికి రాకపోయినా అడిగేవాళ్ళు లేరు, అయినా వచ్చారు. ఇంజనీరుగారూ, కాగితం కావాలంటే కాగితం రాస్తాం. నేను రాస్తాను, కేంద్రం వాళ్ళు రాస్తారు, ఆమెను తిట్టిన అపార్ట్‌మెంటు వాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తాను. కానీ కాగితం మీ బల్ల మీదికి వచ్చేసరికి పిల్ల అయిపోతుంది. వచ్చే ఏడు వంతెన కింద ఏ పళ్ళెంలోనూ చుక్కలు ఉండవు. అప్పుడు పంపులు ఆపినా ఎవరి కోసం?

బయట పొద్దు గుంకింది. పైన అవి రాయి వదిలే వేళ ఇదే. మధ్యాహ్నం నా ఫోన్ తర్వాత ఆయన చూశారో, చూడలేదో నాకు తెలియదు. అడగలేదు. ఇక్కడే తెలుస్తుంది కదా అని ఊరుకున్నాను. ఈ హాలు గోడకు అవతలే పంపుహౌస్. ఇంతసేపూ మైకులో నా గోల, నెత్తిన ఫ్యాన్ల గోల, అవతలిది ఏదీ చెవిన పడలేదు.

ఆ స్విచ్చుల దగ్గరున్న అమ్మా, ఫ్యాన్లన్నీ ఆపెయ్యి. తలుపులు వెయ్యండి. బావగారూ, మీరు కూర్చోండి, మీకు కాళ్ళు నిలవవు. మిగతా అందరూ దయచేసి లేవండి. ఇంజనీరుగారూ, మీరు కూడా. రెండు నిమిషాలని ఎవరూ గడియారం చూడొద్దు. నేను మైకు ఆపేస్తున్నాను. మాట్లాడకుండా, దగ్గకుండా, ఆ గోడవైపు చెవి పెట్టి నిలబడదాం. పంపు మోత వినపడకపోతే ఆమెకు నమస్కారం పెట్టి ఇళ్ళకు వెళ్ళండి. వినపడితే, అది ఆగేదాకా ఎవరూ కూర్చోకండి.